సైకిలుకు కళ్ళెము

గుఱ్ఱము ఎంత మేలుజాతిదైనను కళ్ళెము తెగినచో రౌతు ప్రాణము గాలిలో దీపమే. సైకిలు సంగతియు అంతే. కొనునపుడు ఇది ఎంత వేగముగా పోవునని అడుగుదుము గాని, ఎంత దూరములో ఆగునని అడుగము. నేటి ప్రసంగమున ఆ రెండవ ప్రశ్ననే మీ ముందుంచుచున్నాము.

ఛత్రినాకలో తెల్లవారుజామున బయలుదేరిన సైకిలు ఎన్నివిధముల దారులను దాటవలెనో చూడుడు. గౌలిపురా, లాల్‌దర్వాజా సందులలో పాలబండ్లు, ఆటోలు, బడిపిల్లలు. ఆషాఢమున బోనాల దినములలో అడుగు తీసి అడుగు వేయ వీలులేని జనము. దక్షిణమునకు మరలినచో ఫలక్‌నుమా ఎత్తు. సెలవునాడు పడమరగా పోయినచో, 1920లో పూర్తియైన గండిపేట జలాశయపు పరిసరములలో కంకరదారులు. 2023లో ఔటరు రింగు రోడ్డు ప్రక్కన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట కూడ ఏర్పడినది. ఒకప్పుడు కచేరీకి, బజారుకు మాత్రమే తిరిగిన వాహనము నేడు వ్యాయామమునకు, దూరప్రయాణమునకు సాధనమైనది. సన్నని టైర్ల రోడ్డు సైకిళ్ళు, మట్టిదారికి తగిన వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్ళు పాతబస్తీ వాకిళ్ళలోనికి కూడ వచ్చినవి. వానితోపాటు హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు వచ్చినవి.

మన పెద్దల సైకిళ్ళకు ఇనుప కడ్డీల బ్రేకులుండెడివి. మీట నొక్కగనే రబ్బరు దిమ్మలు రిమ్మును పట్టుకొనెడివి. వానలో రిమ్ము తడిసినచో ఆ పట్టు జారిపోయెడిది. డిస్కు బ్రేకు రిమ్మును ముట్టదు. చక్రము నడుమ బిగించిన ఉక్కు పళ్ళెమును రెండు ప్యాడ్లు ఇరుప్రక్కల నుండి పట్టుకొనును. ఈ ఊహ క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశీయుడైన లాంచెస్టరు 1902లోనే కారుకు డిస్కు బ్రేకును గూర్చి హక్కుపత్రము పొందెను. 1953లో లె మాన్ పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలుచుటతో లోకము దాని విలువ గ్రహించెను. సైకిలు రోడ్డు పందెములలో మాత్రము అంతర్జాతీయ సైకిలు సంఘము దానిని పూర్తిగా అంగీకరించినది 2018లో.

ఇందులోని కీలకము సులభమైనదే. మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ పీడనము అన్ని దిక్కులకు సమముగా ప్రసరించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మీట వద్ద చిన్న పిస్టను, చక్రము వద్ద క్యాలిపరులో పెద్ద పిస్టను, నడుమ నూనె నిండిన సన్నని గొట్టము. పెద్దదాని వైశాల్యము చిన్నదానికి ఐదింతలున్నచో దానిపై బలమును ఐదింతలగును. అందుచేతనే రెండు వ్రేళ్ళతో సైకిలు ఆగును. అయితే నూనె నొక్కిన కుదించుకొనదు, గాలి కుదించుకొనును. గొట్టములో గాలిబుడగ దూరినచో మన బలము దానిని నొక్కుటకే ఖర్చగును. మీట మెత్తబడుట దానికి తొలి గుర్తు.

బ్రేకు అనగా వేగమును వేడిగా మార్చు యంత్రము. మనిషి, సైకిలు కలసి 90 కిలోల బరువుండి, గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి ఆగినచో పుట్టు వేడి ఒక లీటరు నీటిని ఒక డిగ్రీకి మించి వేడిచేయగలదు. అదంతయు 100 గ్రాముల డిస్కులోనే నిలిచినచో డిస్కు సుమారు 90 డిగ్రీలు వేడెక్కును. ఇక అనంతగిరి వంటి కొండదారిలో ఎడతెగక బ్రేకు పట్టి దిగినచో ఏమగునో ఊహింపవచ్చును. దిగిన వెంటనే డిస్కును చేతితో ముట్టరాదు.

గడచిన వానకాలమున మా ఇంట జరిగిన సంగతి చెప్పెదము. మా మేనల్లుడు ఎవరో వాడిన గ్రావెల్ సైకిలు కొనుక్కొనెను. కొన్నాళ్ళకు "మామా, ముందు బ్రేకు మెత్తబడినది" అనెను. దగ్గరనున్న మోటారుసైకిళ్ళ దుకాణమునకు పంపితిమి. అక్కడి ఉస్తాదు తన వద్దనున్న బ్రేకు ద్రవమును పోసి గాలి తీసి ఇచ్చెను. పది దినములు బాగుగనే ఉండెను. పిదప మీట వదలినను వెనుకకు రాక మొరాయించెను. ఒకనాటి ఉదయము ఫలక్‌నుమా వాలున దిగుచుండగా మీట హేండిలును తాకెను గాని చక్రము పట్టుబడలేదు. వెనుక బ్రేకు పనిచేయుటచేతను, ఎదుట ఏ బండియు లేకుండుటచేతను కుర్రవాడు ఇల్లు చేరెను. తరువాత విప్పి చూడగా లోపలి రబ్బరు ముద్రలు ఉబ్బిపోయియున్నవి. మీటను, క్యాలిపరును రెంటిని మార్చవలసివచ్చెను. తప్పంతయు ఉస్తాదుదే అనుట న్యాయము కాదు. మీట మూతపై ఏమి అచ్చువేసినారో మేమును చదువలేదు.

ఈ బ్రేకులలో రెండు జాతుల ద్రవములు కలవు. ఒకటి మినరల్ ఆయిల్. రెండవది మోటారు వాహనములలో వాడు డాట్ ద్రవము. ఒకదానికై చేసిన రబ్బరు రెండవదానికి ఓర్వదు. రెంటిని కలుపరాదు, మార్చరాదు. షిమానో, మగురా సంస్థల సైకిలు బ్రేకులకు మినరల్ ఆయిలు. హోప్ సంస్థవానికి డాట్. స్రామ్ సంస్థ చాలకాలము డాట్ వాడి, ఇటీవల కొన్ని నమూనాలకు మినరల్ ఆయిలును స్వీకరించినది. కాబట్టి పేరును చూచి ఊహింపక, మూతపైనున్న అక్షరములనే నమ్మవలెను. డాట్ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన కొలది అది తక్కువ వేడికే మరిగి ఆవిరియగును. అందుచేత దానిని ఏడాదికో రెండేండ్లకో మార్చవలెను. అది రంగును కూడ తినివేయును. మినరల్ ఆయిలు నీటిని పీల్చదు గాని, లోపలికి చేరిన నీరు అడుగున క్యాలిపరులో నిలుచును. కనుక దానికిని కాలపరిమితి కలదు.

ఇక మన ఇండ్లలోని ఒక అలవాటు. కీచుమన్న ప్రతిదానిపై రెండు చుక్కల నూనె వేయుదుము. తలుపు బందులకది మంచిదే. డిస్కు కీచుమన్నదని నూనె వేసినచో బ్రేకు చచ్చినట్లే. ప్యాడు నూనెను పీల్చుకొనును. ఎంత తుడిచినను పాతపట్టు రాదు. చైనుకు నూనె వేయునపుడు చుక్క డిస్కుపై పడకుండ గుడ్డ అడ్డము పెట్టవలెను. డిస్కును కిరోసినుతో కాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, శుభ్రమైన గుడ్డతో తుడువవలెను.

బ్రేకు మెరుగుపరచదలచినవారు పెద్ద ఖర్చుతో ఆరంభింపనక్కరలేదు. మొదట ప్యాడ్లు. రెజిన్ ప్యాడ్లు మెత్తగా, చప్పుడు లేక పట్టును గాని బురదలో త్వరగా అరుగును. లోహపు ప్యాడ్లు వేడికి, వానకు ఓర్చును గాని కొన్ని డిస్కులు రెజిన్ ప్యాడ్లకు మాత్రమే తగినవి. ఆ మాట డిస్కుపైననే వ్రాసియుండును. పిదప డిస్కు. 140 మిల్లీమీటర్లదానికి బదులు 160 వేసినచో బలము పెరుగును, వేడియు త్వరగా ఆరును. కాని ఫ్రేము, ఫోర్కు చేసినవారు అనుమతించిన కొలతను మించరాదు. తీగ బ్రేకు గలవారికి నడిమి మార్గమొకటి కలదు: మీట నుండి తీగయే పోవును, క్యాలిపరులో మాత్రము నూనె పనిచేయును. పూర్తి హైడ్రాలిక్ కావలెనన్న మీటలతోసహా మార్చవలెను. గేర్లతో పొసగునో లేదో ముందుగా విచారింపవలెను. డిస్కు బ్రేకునకు స్థానమే లేని పాత ఫ్రేముకు వెల్డింగు చేయించి తగిలించుట ప్రాణాపాయము. క్రొత్త ప్యాడ్లు వేసినపిదప జనము లేని సమతలపు దారిలో కొంత వేగము తెచ్చుకొని, పూర్తిగా ఆగకుండ నడక వేగమునకు తగ్గించవలెను. ఇట్లు ఒక్కొక్క బ్రేకును ఇరువదిసార్లు చేసినగాని నిండుపట్టు రాదు.

పోషణకు వారమునకు ఐదు నిమిషములు చాలును. మీటను గట్టిగా పట్టి చూడుడు; అది హేండిలును తాకరాదు. గొట్టపు అతుకుల వద్ద తడి ఉన్నదేమో చూడుడు. షిమానో లెక్క ప్రకారము ప్యాడు మందము అర మిల్లీమీటరునకు, డిస్కు మందము ఒకటిన్నర మిల్లీమీటరునకు తగ్గినచో మార్చవలెను. చక్రము తీసినపుడు మీట నొక్కరాదు. నొక్కినచో పిస్టన్లు దగ్గరకు వచ్చి చక్రము తిరిగి పట్టదు. ప్యాడ్ల నడుమ ప్లాస్టికు ముక్క పెట్టుట మేలు. పంక్చరు వేయుటకు సైకిలును తలక్రిందులుగా నిలుపుట మన దుకాణముల వాడుక. అపుడు మీట గదిలోని గాలి గొట్టములోనికి దిగవచ్చును. నిలబెట్టిన పిదప మీటను పలుమార్లు నొక్కి, గట్టిపడినగాని ఎక్కరాదు. గొట్టము కోసి అమర్చిన ప్రతిసారి దాని కొననుండు చిన్న ఇత్తడి ఉంగరమును, లోని సూదిముక్కను క్రొత్తవి వేయవలెను.

గాలి తీయు పని తెలిసినవాని వద్ద నేర్చుకొనదగినది. ముందు చక్రమును, ప్యాడ్లను తీసివేసి, పిస్టన్ల నడుమ దిమ్మ నిలుపవలెను. మీట వద్ద గరాటు బిగించి, క్రింద క్యాలిపరు నుండి సిరంజితో నూనె ఎక్కించినచో బుడగలు సహజముగా పైకి పోవును. తొందరపడినచో బుడగ మిగులును.

మరి రెండు హెచ్చరికలు. మన దేశమున సాధారణముగా కుడి మీట ముందు చక్రమునకు ఉండును. పరదేశపు సైకిళ్ళలో అది తారుమారుగా ఉండవచ్చును. క్రొత్త సైకిలు ఎక్కకముందే తెలిసికొనుడు. రెండవది, ఎంత మంచి బ్రేకైనను చక్రమునే ఆపగలదు. సైకిలును ఆపునది టైరునకు నేలకు గల పట్టు. అరిగిన టైరు, తడిసిన సిమెంటు రోడ్డు కలసినచోట పాస్కల్ సూత్రమును మనలను కాపాడలేదు.

మా మేనల్లుడు ఇపుడు ప్రతి ఆదివారము గడప వద్ద కూర్చుండి బ్రేకు చూచుకొనిన పిమ్మటనే బయలుదేరుచున్నాడు. ఇరుగుపొరుగు పిల్లలు తమ సైకిళ్ళను కూడ తెచ్చి వాని ముందు వరుసగా నిలుపుచున్నారు. మొదట వాడు చేయు పని, మీట మూతపైనున్న అక్షరములను ఆ పిల్లలచేతనే చదివించుట. మేము అలక్ష్యము చేసిన పాఠమది. మీ ఇంటి పిల్లలచేతను నేడే చదివింపుడు.