ఎవరి పేరు మీద పిలుపు?

(వినుకొండలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ భూమి పట్టాల గురించీ కూలి రేట్ల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఫోనులో కనపడే ఒక స్క్రీను గురించి మాట్లాడాలంటే నాకే కాస్త బెరుగ్గా ఉంది. అయినా ఇదీ మన పనే అనుకుంటున్నాను. పొదుపు లెక్కలకీ, ఆరోగ్య సలహాకీ, హింసకు గురైన స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికీ స్వచ్ఛంద సంస్థలు యాప్‌లు తయారు చేయిస్తున్నాయి. వాటిల్లో "మీ స్నేహితురాళ్లను పిలవండి" అనే స్క్రీను తప్పకుండా ఉంటుంది. కంపెనీల వాళ్లు దాన్ని రిఫరల్ స్క్రీన్ అంటారు. అలాంటి ఒక యాప్‌కి స్క్రీన్లు ఎలా ఉండాలో చెప్పే పని రెండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు.

మన ఊళ్లలో పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం. పిలిచే మనిషి స్వయంగా గడప దాకా వస్తుంది. ఎవరు పిలుస్తున్నారో, ఎందుకో, ఇంకెవరెవరు వస్తారో అడిగి తెలుసుకోవచ్చు. ఇష్టం లేకపోతే ఒంట్లో బాగాలేదని మర్యాదగా తప్పుకోవచ్చు కూడా. ఆ పిలుపులో ఎవరికి చోటుండేది, ఎవరికి ఉండేది కాదు అన్నది వేరే చర్చ. వితంతువుల సంగతీ, కులం సంగతీ జాషువా పుట్టిన ఈ ఊళ్లో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది పిలిచే పద్ధతి గురించి మాత్రమే. మన పేరు మీద పిలుపు వెళ్లిందంటే మనమే వెళ్లి పిలిచామని అర్థం.

ఫోనులో అలా కాదు. "అలౌ" అని ఒక్కసారి నొక్కితే ఫోనులో ఉన్న నంబర్లన్నీ కంపెనీకి చేరిపోవచ్చు. మీ అమ్మ నంబరు, మీ సంఘం లీడరు నంబరు, మీ దగ్గరకు రహస్యంగా సలహాకు వచ్చిన మనిషి నంబరు అన్నీ అందులో ఉంటాయి. వాళ్లెవరూ ఒప్పుకోలేదు. వాళ్ల తరఫున మీరు ఒప్పుకున్నట్టు లెక్క. పైగా మీ పేరు మీద వాళ్లకు పిలుపులు వెళ్తాయి. ఉద్యోగాల కోసం వాడే లింక్డిన్ ఇలాగే సభ్యుల పేరు మీద పదేపదే ఈమెయిళ్లు పంపిందని అమెరికాలో కేసు పడింది. 2015లో కోటీ 30 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. చదువుకున్న ఉద్యోగస్తులకే తెలియకుండా జరిగినప్పుడు, కొడుకు ఫోను అడిగి తీసుకుని వాడుకునే మనిషి సంగతేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో తాము వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవాళ్లు 54 శాతమే.

ఈ పిలుపుకి బహుమతి కూడా పెడతారు. 2017లో గూగుల్ తేజ్ అనే యాప్ తెచ్చినప్పుడు, ఒకరిని చేర్పిస్తే ఇద్దరికీ డబ్బులు పడేవి, గీకి చూసుకునే కార్డులు వచ్చేవి. "ఇంకా ఇద్దరిని పిలిస్తే చాలు" అని నిండుతూ వచ్చే గీత, "ఈ రాత్రి 12 దాకే" అని తిరిగే గడియారం, గీకే కార్డు, వీటినే ఆకర్షణీయమైన స్క్రీను అంటారు. ఆకర్షణ మనిషికి తొందర పుట్టించడానికే.

మిరప కోతలకు ముఠా కట్టే మేస్త్రి మనకు తెలుసు. మనిషికింత అని కమిషను ఉన్నచోట ఆయనకు తలలు లెక్క. బలహీనంగా ఉన్న మనిషి అయినా, బాలింత అయినా లెక్కలో ఒక తలే. రిఫరల్ బహుమతి మన స్త్రీలను ఒకరికొకరు మేస్త్రీలను చేస్తుంది. పేద ఇంట్లో యాభై రూపాయలు చిన్న మాట కాదు, అందుకే అది ఇంకా ప్రమాదం. తోడికోడలికి ఈ యాప్ అవసరమా అని ఆలోచించాల్సిన చోట, ఆమెను చేరిస్తే నాకేం వస్తుందన్న ఆలోచన ముందు వస్తుంది. రేపు ఆమెకు నష్టం జరిగితే నింద కంపెనీ మీద పడదు, చేర్పించిన మనిషి మీద పడుతుంది. స్కీముల్లో బంధువులను చేర్పించి, ఆ తర్వాత ఊళ్లో తలెత్తుకోలేకపోయిన వాళ్లను మీరందరూ చూసే ఉంటారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. కొన్ని యాప్‌లలో ఎవరన్నా కొత్తగా చేరగానే, ఆ నంబరు తమ ఫోనులో ఉన్నవాళ్లందరికీ "ఫలానా మనిషి చేరింది" అని కబురు వెళ్తుంది. టెలిగ్రామ్‌లోనూ సిగ్నల్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. కంపెనీ దృష్టిలో అది సంతోషవార్త. దెబ్బలు భరించలేక ఇల్లు వదిలి, వేరే ఊళ్లో చీటీలు కట్టుకుంటూ బతుకుతున్న మనిషిని తలుచుకోండి. కొత్త నంబరు తన చెల్లెలికి మాత్రమే ఇచ్చింది. చెల్లెలి ఫోనులోంచి అది బావగారికి చేరింది. ఆమె మన సలహా గ్రూపులో చేరిన రోజు ఆ ఫోను మోగుతుంది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, యాప్ చెప్పింది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, కానీ ఆ ఉత్తర్వు చేతికి వచ్చేలోపు ఆమె ఎక్కడుందో అతనికి తెలిసిపోయింది.

నంబర్ల జాబితా ఎంత ఆయుధమో లోన్ యాప్‌లు చూపించాయి. బాకీ ఆలస్యమైతే బంధువులందరికీ ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పంపి అవమానించారు. 2020 డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాకే పోలీసులు అరెస్టులు మొదలుపెట్టారు. అప్పుల యాప్‌లు ఫోనులోని కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది 2022లో. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 13 రకాల మోసపు డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. కాంటాక్టులు ఇస్తేనే సేవ అందుతుందని బలవంతపెట్టడం అందులో ఉంది. లేని తొందర పుట్టించడం, వద్దన్నవాళ్లను సిగ్గుపరచడం కూడా ఉన్నాయి. ఎవరన్నా అడ్డంగా మాట్లాడితే ఈ మార్గదర్శకాల పేరు చెప్పండి. మోసపోయినవాళ్లు 1930కి ఫోను చేయొచ్చు. అయితే ఇవన్నీ జరిగాక పనికొచ్చేవి. స్క్రీను మన చేతిలో ఉన్నప్పుడు ముందే సరిగా గీసుకోవచ్చు కదా!

మేము ఏం చేస్తున్నామో చెప్తాను. కాంటాక్టులు అసలు అడగం. "పిలువు" నొక్కితే ఒక లింకు వస్తుంది. దాన్ని ఆమే వాట్సాప్‌లో తనకు నచ్చిన ఒక్క మనిషికి పంపుకుంటుంది. నంబరు మా దాకా రాదు. పంపే ముందు, అవతలి ఫోనులో ఆ మాట ఎలా కనపడుతుందో బొమ్మలో చూపిస్తాం, చదివి వినిపిస్తాం. అక్షరాలు రానివాళ్లు కూడా మైకు నొక్కి తమ గొంతుతో "వదినా, ఇది చూడు" అని చెప్పుకోవచ్చు. మా స్త్రీలకు ఇదే ఎక్కువ నచ్చింది. గీకే కార్డు లేదేమని అడిగినవాళ్లు లేరు. తమ గొంతు తామే విని నవ్వుకున్నారు, మళ్లీ చెప్పారు, చెరిపేశారు. ఆసక్తి పుట్టించడమంటే ఇదీ ఒక దారే.

పిలుపు అందుకున్న మనిషికి "చేరతాను", "వద్దు" రెండూ ఒకే సైజులో, ఒకే రంగులో ఉంటాయి. వద్దంటే మళ్లీ అడగం, వద్దన్న సంగతి పిలిచిన మనిషికి చెప్పం. ఎవరు చేరారో ఎవరికీ కబురు వెళ్లదు. లింకు ఏడు రోజులకు చచ్చిపోతుంది. ఇంట్లో ఎవరన్నా ఫోను పట్టుకుంటే "గృహహింస సలహా" అన్న మాట పైన కనపడకూడదు కాబట్టి సందేశంలో పొదుపు మాట మాత్రమే ఉంటుంది.

బహుమతి దగ్గర మాలో మాకు పెద్ద గొడవే అయింది. కొంచెమైనా పెడితే జనం త్వరగా చేరతారని మా కుర్రవాళ్ల వాదన. నిధులిచ్చేవాళ్లు కూడా ఎంతమంది చేరారని నెలనెలా అడుగుతారు. ఆ ఒత్తిడి మీ అందరికీ తెలిసిందే, లక్ష్యాల పేరుతో సంఘాలు కాగితాల మీద ఎలా పెరుగుతాయో మనం చూస్తూనే ఉన్నాం. తలకింత అనే లెక్క మాత్రం వద్దని నేను పట్టుబట్టాను. 1992లో దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు ఆ కబురు ఊరినుంచి ఊరికి పాకింది, మనిషికింత అని ఎవరూ ఇవ్వలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అవసరమైన మాట తనంతట తానే నడుస్తుంది. నడవడం లేదంటే మన యాప్‌లో ఏదో లోపం ఉందని ముందు అనుకోవాలి.

పరిష్కారం కాని సంగతి ఒకటి మిగిలింది. వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ సందేశం అవతలి ఫోనులో ఉండిపోతుంది, దాన్ని ఎవరికైనా పంపేయొచ్చు. కొన్నిచోట్ల ఫోను అసలు వాడకుండా, కార్యకర్తే కలిసినప్పుడు నాలుగంకెల కోడు నోటితో చెప్పే పద్ధతి పెట్టాం. నెమ్మదిగా జరిగే పని అది, కానీ ఆపదలో ఉన్నవాళ్లకు అదే మేలనిపిస్తోంది. మీ అనుభవం వేరుగా ఉంటే చెప్పండి.

భోజనాల తర్వాత ఈ స్క్రీన్ల బొమ్మలు కాగితాల మీద ఇస్తాను. మీ ఊళ్లో చదవడం రాని ఇద్దరి చేత వాటిని వేలితో నొక్కించి చూడండి. ఎక్కడ ఆగారో, ఏ మాట అర్థం కాలేదో, ఎక్కడ భయపడ్డారో ఆ కాగితం వెనకాలే రాసి పంపండి.