ఇంటి బొమ్మయు కొత్త కంప్యూటరును



పలాస, టెక్కలి, ఉద్దానము సీమలలో ఇల్లు కట్టదలచినవారు పూర్వము మేస్త్రి నేలపై ముగ్గుతో గీచిన గీతలను జూచి గదులను ఊహించుకొనెడివారు. నేడు పునాది త్రవ్వుటకు ముందే ఆ గదులను కంప్యూటరు తెరపై జూచుచున్నారు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినది. ఇట్టి చోట ఇల్లనగా ఒక కుటుంబము కూడబెట్టిన సర్వస్వము. కావున ఆ బొమ్మ కంటికి ఇంపుగా నుండుట చాలదు, నిజమును చూపవలయును.

కొత్త కంప్యూటరు కొనినవారు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఇంత సొమ్ము పోసితిమి గదా, బొమ్మ యేల మునుపటివలెనే మసకగా నున్నది?” యంత్రము మారినను, దానికిచ్చు ఆజ్ఞలు మారనిచో ఫలితము మారదు.

కంప్యూటరు బొమ్మను రెండు విధముల గీయును. మనము గదిలో తిరుగుచున్నట్లు తెరపై వెంటనే చూపుట మొదటిది. ఇది గ్రాఫిక్సు కార్డు పని. వెలుగు కిరణములు గోడలపై బడి మరలు త్రోవను లెక్కించి గీయుట రెండవది. ఈ పద్ధతిని టర్నర్ విటెడ్ 1980లో వ్యాసముగా ప్రకటింపగా, 1986లో జేమ్స్ కజియా దానికి సమగ్రమైన సమీకరణమును కూర్చెను. ఉచితముగా లభించు స్వీట్ హోమ్ త్రీడీలో ఫోటోకు నాలుగు మెట్లు కలవు. పై రెండు మెట్లే కిరణములను లెక్కించును. ఆ భారము ప్రధాన ప్రాసెసరుపై బడును గాని గ్రాఫిక్సు కార్డుపై బడదు. బ్లెండరులోని సైకిల్స్ గ్రాఫిక్సు కార్డును వాడుకొనగలదు. కాని సెట్టింగులలో దానిని మనమే ఎన్నుకొనవలయును. రెండు గ్రాఫిక్సు చిప్పులుగల ల్యాప్‌టాపులో, సాఫ్ట్‌వేరు బలమైన చిప్పునే వాడునట్లు విండోసులో నిర్ణయించి, తయారీదారు డ్రైవరును స్థాపింపవలయును.

బొమ్మపై ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడినచో కిరణములు చాలలేదని యర్థము. ఆ చుక్కలు సగమునకు తగ్గవలెనన్న కిరణములు నాలుగింతలు కావలయును. పొడవు వెడల్పులను రెట్టింపు చేసినను కాలము ఇంచుమించు నాలుగింతలగును. కావున చిన్న బొమ్మలతో వెలుగును సరిచూచుకొని, తుది బొమ్మను మాత్రమే పెద్దదిగా గీయించి, రాత్రివేళ యంత్రమునకు అప్పగించుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎండ. పలాస యుండునది సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 84.4 డిగ్రీల తూర్పు రేఖాంశమున. డిసెంబరు చివరను మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున సుమారు 48 డిగ్రీల యెత్తున నుండి, దక్షిణపు కిటికీగుండ గదిలోనికి చూచును. జూను చివరను నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. సాఫ్ట్‌వేరులో మరియొక దేశపు నగరమును ఉంచి, ఉత్తరదిక్కును సరిచేయక విడిచినచో, ఎంత మేలైన యంత్రమైనను పొరుగూరి యెండనే మన వసారాలో చూపును. అట్టి బొమ్మను నమ్మి కిటికీని తప్పు గోడకు పెట్టినవారు జీవితాంతము చీకటిగదిలో దీపము వెలిగించుకొనవలసివచ్చును.

ఇక రంగులు. సున్నపు గోడ సైతము తనపై బడిన వెలుగునంతను మరలింపదు. దానికి నూటికి నూరుపాళ్ల తెలుపు నిచ్చినచో గది వెలవెలబోవును. ఎనుబది పాళ్లు చాలును. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు పరచదలచినవారు ఆ పలకనే నీడలో నిలువుగా ఫోటో తీసి, దాని నిజమైన కొలతతో నేలపై పరచవలయును. చిన్న ఫోటోను సాగదీసినచో రాయి రాయివలె కనబడదు.

తుదకొక్క మాట. ఈ బొమ్మ వెలుగును చూపును గాని గాలిని చూపదు. కప్పు తుపానుకు నిలుచునా, పునాది ఇసుక నేలలో కుంగునా అను ప్రశ్నలకు ఇంజనీరే సమాధానము చెప్పవలయును. బొమ్మను అతనికి చూపుడు. అతని మాట వినిన పిమ్మటనే మేస్త్రిని పిలువుడు.