అన్నపూర్ణ దారుల్లో మహిళా గైడ్లు

నేపాల్‌లోని పోఖరా నుంచి అన్నపూర్ణ పర్వతాల వైపు వెళ్లే దారుల్లో ఒకప్పుడు గైడ్లంటే దాదాపు మగవాళ్లే. పోఖరాలో లక్కీ, డిక్కీ, నిక్కీ ఛెత్రి అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు చిన్న వసతిగృహం నడిపేవారు. కొండలు తిరిగొచ్చిన విదేశీ మహిళలు కొందరు, దారిలో మగ గైడ్ల వల్ల పడిన ఇబ్బందులు వాళ్లతో చెప్పుకునేవారు. అవి విని 1994లో అక్కచెల్లెళ్లే గైడ్లుగా బయలుదేరారు. 1999లో స్వచ్ఛంద సంస్థ పెట్టి, పల్లెటూరి ఆడపిల్లలకు ఉచిత శిక్షణ మొదలుపెట్టారు.

శిక్షణ నాలుగు వారాలు. ప్రథమ చికిత్స, ఇంగ్లీషు మాటలు, అక్కడి చెట్లూ పిట్టలూ, కొండమీద చెత్త వదలకుండా చూడటం అన్నీ నేర్పుతారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రాణవాయువు తగ్గి కొందరికి తలనొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు ఇంకా పైకి ఎక్కకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి, పర్యాటకులు ఎంత పట్టుబట్టినా సరే అని కూడా శిక్షణలో చెబుతారు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. ఎదురు చెప్పకూడదని వింటూ పెరిగిన అమ్మాయి, పదిమంది ప్రాణాల బాధ్యత తీసుకుని "ఇక ఆగండి" అని గట్టిగా చెప్పగలుగుతుంది.

శిక్షణ ముగిశాక ఆ అమ్మాయి అనుభవమున్న గైడు వెంట సహాయకురాలిగా నడుస్తూ, జీతం తీసుకుంటూనే పని నేర్చుకుంటుంది.

అయితే వానాకాలంలో పర్యాటకులు పలచబడతారు. 2020లో కరోనా వచ్చినప్పుడైతే దారులే మూతపడ్డాయి. అందుకే గైడు పనితోపాటు మరో ఆదాయ మార్గాన్నీ ఈ అమ్మాయిలకు నేర్పాలి.