మలీద ఏడాదికొక్కనాడేనా?

మోకిల ప్రాంతపు పంచాయతీ సభ్యులారా!

తెలంగాణ పల్లెలలో సద్దుల బతుకమ్మనాడు ఆడపడుచులు మలీదను ఒకరికొకరు పంచుకొందురు. సజ్జరొట్టెను వేడిగా నుండగనే నలిపి, బెల్లమును నేతిని కలిపి ముద్దలు కట్టుటయే దాని విధానము. నూరు గ్రాముల సజ్జలలో దాదాపు 6 మిల్లీగ్రాముల ఇనుము కలదు. పాలిష్ బియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. రక్తహీనతతో వాడిపోవు బిడ్డలకు, గర్భిణులకు ఈ భేదము స్వల్పము కాదు.

అట్టి ఆహారము ఒక్క పండుగకే పరిమితము కానేల? మలీదయే మందు కాదు. వైద్యులిచ్చిన ఇనుపధాతువు మాత్రలు మానరాదు. తిన్నవెంటనే తేనీరు త్రాగరాదు. సజ్జపిండి నిలువయున్న చేదెక్కును. కావున ఎప్పటికప్పుడు విసరించుడు.

మహిళా సంఘముల సాయముతో అంగన్‌వాడీ బిడ్డలకు వారమునకొకమారు మలీద పెట్టించుటకు రాబోవు సభలోనే తీర్మానింపుడు. ధాన్యము మన చేలలో పండునదే. వంట మన తల్లులెరిగినదే. కావలసినది మీ పూనిక మాత్రమే.