గాదె తాళం ఎవరి దగ్గర?

మాకు చదువు చెప్పిన పంతులుగారి శిష్యులు పోగుచేసిన నిధితో ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఈసారి ఆకలి గురించి చెప్పమన్నారు. నేలకొండపల్లిలో ఆకలేమిటని వెనక వరసలో ఎవరో అననే అన్నారు. నిజమే, పాలేరు నీళ్లు పారే మాగాణి మనది. కానీ మన మిర్చి ఏరడానికి ట్రాక్టర్లెక్కి వచ్చే కూలీలు ఎక్కడివాళ్లు? చర్ల, దుమ్ముగూడెం, సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ గూడేలవాళ్లు. మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని మన చేలగట్ల మీదే వండుకుంటారు. ఏం వండుకుంటున్నారో మనం తొంగిచూడం, అంతే.

ఈ ఊళ్లో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గిన కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. పంతులుగారు ఆ పాఠం చెప్పిన రోజే దామాజీ కథా చెప్పేవారు. మహారాష్ట్రలోని మంగళవేఢలో, బీదరు సుల్తాను కొలువులో ఉన్న దామాజీ పంత్ కరువునాడు సర్కారు గాదెలు తెరిచి జనానికి ధాన్యం పంచేశాడు. ఆయన మీదా విచారణ వచ్చింది. గోపన్న కోసం రామలక్ష్మణులు గోల్కొండ సుల్తాను తానీషాకు పైకం చెల్లించినట్టే, విఠోబా సేవకుడి వేషంలో వెళ్లి దామాజీ బాకీ తీర్చి వచ్చాడట. గుడి బాకీ, గాదె బాకీ దేవుడి లెక్కలో ఒకటేనని పంతులుగారి వ్యాఖ్య. అప్పుడు తలూపాను గానీ, ఇప్పుడు నాకో పేచీ ఉంది. దామాజీ గాదె తాళం దామాజీ దగ్గరే ఉంది. మంచివాడు గనక తెరిచాడు. ఆయన తర్వాత వచ్చినవాడు తెరవకపోతే?

మన పల్లెల్లో ధాన్యం అప్పుకు పాతకాలం నుంచీ ఉన్న మాట నాగు. వానలు పడగానే ఆసామి గాదె నుంచి బస్తా తెచ్చుకుంటే కళ్లం మీద బస్తాన్నర కొలవాలి. అడవి అంచు ఊళ్లలో ఆషాఢ శ్రావణాలు మరీ గడ్డు. ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు మీద వచ్చిన పైసలు అప్పటికి విత్తనాలకు, పాత బాకీలకు పోయి ఉంటాయి. కొత్త పంట ఇంకా మొలక. అగ్గువకు అమ్ముకున్న గింజనే పిరంగా కొనుక్కునే నెలలవి.

ఈ సందు పూడ్చడానికే కేంద్రం 1996-97లో గిరిజన ప్రాంతాలకు గ్రామ ధాన్య బ్యాంకుల పథకం తెచ్చింది. ముప్పై నలభై కుటుంబాలకొక బ్యాంకు, కుటుంబానికి క్వింటాలు. ఆలోచన మంచిదే. కాని ఆ గింజ వచ్చింది ఊరి చేలలోంచి కాదు, సర్కారు గోదాముల్లోంచి. పంట పోయిన ఏడు తీసుకున్నవాడు తిరిగి ఏం పోస్తాడు? పొలం మీద పెట్టుబడి పెట్టకుండా గాదె ఒక్కటే కడితే అది ఒక్కసారి నిండి, ఒక్కసారి ఖాళీ అవుతుంది.

దీన్ని తలకిందులు చేసి చూపింది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెంట ఊరూరా ఆడవాళ్ల సంఘాలున్నాయి. ఎక్కువమంది దళితులు. ఎర్రనేలలు, రాళ్లచేలు, చాలావరకు పడావు. రేషన్‌లో చౌకబియ్యం వచ్చాక జొన్న వేసే ఓపిక కూడా తగ్గింది. 1990ల నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఆ పడావు చేలు దున్నడానికి, పెంట తోలడానికి, కలుపు తీయడానికి ఎకరానికి ఇంతని అప్పిచ్చారు. అప్పు తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జొన్నల్లో, అదీ కొన్నేళ్లపాటు. ముప్పైకి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలు అలా మళ్లీ పచ్చబడ్డాయి. గింజ ఊరు దాటలేదు. వేపాకు, బూడిద వేసి సంఘమే దాచింది. ఎండిన చేలల్లో కూలి దొరికింది, పశువులకు సొప్ప దొరికింది.

నాకు నచ్చిన ఘట్టం ఆ తర్వాతిది. గింజ ఎవరికి? ఆఫీసు జాబితాను నమ్మలేదు. ఊరే కూర్చుని ఇంటింటి సంగతీ మాట్లాడుకుని, పేదరికాన్ని అంచెలుగా తేల్చింది. అందరికన్నా కింద ఉన్న ఇంటికి అందరికన్నా ఎక్కువ జొన్నలు, బజారు ధరకన్నా చాలా తక్కువకు. ఇల్లిల్లూ తూచేచోట గొడవలు రాకుండా ఉంటాయా! కానీ ఆ గొడవ నలుగురి ముందు జరుగుతుంది. జాబితాలో పేరు లేదని ఆఫీసు గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడడం కన్నా అది మేలు. ఆ సొసైటీకి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

తిండికి బ్యాంకన్న ఆలోచన బయటా పుట్టింది. అమెరికాలోని ఫీనిక్స్‌లో 1967లో జాన్ వాన్ హెంగెల్ మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టాడు. దుకాణాలు పారేసే తిండితో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, బ్యాంకులో డబ్బులాగా తిండినీ వేసుకుని తీసుకునే చోటుండాలంటే పుట్టిన ఆలోచన అది. అయితే అక్కడ వేసేవాళ్లు వేరు, తీసేవాళ్లు వేరు. పస్తాపూర్‌లో తీసుకున్న చేతే మళ్లీ పోస్తుంది. నా ఓటు దీనికే.

రేషన్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. గొప్ప సంగతే. రోజుకు రెండు వందల గ్రాములు. మిర్చిచేలో పొద్దంతా వంగినవాడికి అది ఎన్ని పూటలు? పప్పు మాటేమిటి? 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంలో కిలో రూపాయికి చిరుధాన్యాలని కూడా రాశారు. మన రేషన్ షాపులో జొన్న చూసినవాళ్లు చెయ్యెత్తండి.

ఇంకోటి, వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో హెచ్చరికే 53 అడుగులు. దారి మునిగాక లారీ రాదు. గింజ అంతకు ముందే మెరకమీద, గూడెంలోనే ఉండాలి. 2024 సెప్టెంబరులో మున్నేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు ఖమ్మం వాళ్లకూ ఇది తెలిసొచ్చింది.

నిర్వాహకులకు ఒక్క మనవి. ఈ ఏడు నిధిలో మిగిలిన సొమ్ముతో జ్ఞాపికలు, శాలువలు కొనకండి, నాకిచ్చినదీ వెనక్కి తీసుకోండి. రెండు గుమ్ములు అల్లించండి. కోతలు కాగానే ఇంటికో కుంచం వడ్లు, అరకుంచం పెసలో కందులో పోద్దాం. గుమ్ములు చూసుకోడానికి సంఘం పెట్టి, మిర్చి ఏరడానికి వచ్చే ఆడవాళ్లనూ అందులో చేర్చండి. తాళం వాళ్లలో ఒకరి కొంగున ఉండనివ్వండి. మన కమిటీకి మాత్రం ఇవ్వకండి.