చెట్టుకల్లు రుచి



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము రుచి చూచుట. పాశ్చాత్య దేశములందును, ఇప్పుడు మన మహానగరములందును ద్రాక్షాసవప్రియులు సంఘములుగా నేర్పడి, అప్పుడప్పుడు సాయంకాలమున కూడి, ఆసవములను రుచి చూచుచుందురు. ఇది త్రాగుబోతుల కూటమని తలపరాదు. గాజుపాత్రలో నాలుగైదు చెంచాలు మాత్రమే పోసికొందురు. మొదట వెలుతురునకెత్తి రంగు చూతురు. పిదప వాసన చూతురు. అటుపిమ్మట నాలుకపై నిలిపి రుచి చూతురు. పెక్కుమంది మ్రింగక ఉమిసివేయుదురు. ఇది ఏ తోటది, ఏ యేటి పంట యని అడుగుదురు. ఇట్టి సభల ఫలము మత్తు కాదు, మంచిచెడ్డల గుర్తెరుగుట. మంచిని ఎరిగినవానిని మోసగించుట కష్టము.

ఈ విద్య గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల పెద్దలకు క్రొత్తది కాదు. చెట్టు క్రిందనే తాటాకు దొప్పలో పోయించుకొని, ఇది తాటికల్లు, ఇది ఈతకల్లు, ఇది ప్రొద్దుటిది, ఇది మాపటిది అని నాలుకతోనే చెప్పగలవారు మన గ్రామములందు ఉండిరి. మోకు బిగించి చెట్టెక్కు గౌడునకును, ఈడిగకును ఆ తీర్పే బహుమానము, ఆ తీర్పే శిక్ష.

ఆ రుచిభేదమునకు కారణము కాలము. గీసిన చోటినుండి స్రవించు రసము తియ్యనిది, మత్తు లేనిది. అదియే నీరా. అందు నూటికి పది పదునైదు పాళ్లు చక్కెర యుండును. గాలిలోను, లొట్టిలోను ఉండు సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని మద్యసారముగా మార్చును. పులియుట జీవుల పనియే యని 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ నిరూపించెను. కొన్ని గంటలలో ఆ రసము కల్లగును. అందు మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లు. మరునాటికి పులుపు ముదిరి సిర్కా దారి పట్టును. కావున నిజమైన కల్లు నిలువయుండదు. ఉదయము, మధ్యాహ్నము, మరునాడు ఒకే రుచితో నుండు కల్లును చూచి సంతోషింపరాదు, శంకింపవలెను.

ఇపుడు అసలు సంగతికి వచ్చెదను. చెట్లు తగ్గినవి, త్రాగువారు తగ్గలేదు. ఆ లోటును నీటితోను, చక్కెరతోను, సాక్రీనుతోను, క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, అల్ప్రజోలాము అను మందులతోను పూరించువారు బయలుదేరిరి. ఇవి కల్లు సంబంధమైనవి కావు. వైద్యులు నిద్రకును, మనోవ్యాకులతకును కొలిచి యిచ్చునవి. కొలత లేక ప్రతిదినము లోనికి పోయిన శరీరము వానికి బానిస యగును. 2015లో తనిఖీలు ముమ్మరమై కల్తీకల్లు హఠాత్తుగా ఆగిపోగా, తెలంగాణములోని పెక్కు జిల్లాలలో జనులు వణకుతోను, మూర్ఛలతోను, మతిచలనముతోను ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందరు మరణించిరి. దినమంతయు ఎండలో పనిచేసిన కూలివాడు అలసట తీర్చుకొన బోయి, తన కూలితో తన నరములనే అమ్ముకొనుచున్నాడు. ఇంతకన్న దుఃఖమేమున్నది?

నాలుక యొక్కటియే దీనిని పట్టగలదని నేను చెప్పను. మందు చేదును సాక్రీను కప్పివేయును. నిశ్చయము పరీక్షశాలలోనే తేలవలెను. కాని నాలుకకంటె నమ్మదగిన సాధనమొకటి మీ చేతిలో నున్నది, అది లెక్క. మీ యూరి దుకాణమునకు కల్లునిచ్చు చెట్లెన్ని? ఇరువది చెట్లనుకొందము. చెట్టుకు దినమునకు మూడు లీటర్ల చొప్పున అరువది లీటర్లగును. దుకాణమున మూడువందల లీటర్లు అమ్ముడుపోయినచో, మిగిలిన రెండువందల నలువది లీటర్లు ఏ చెట్టునుండి దిగినవి? ఈ ప్రశ్న నడుగుటకు చదువు అక్కరలేదు, ధైర్యము కావలెను. జవాబు దొరకనిచో ఎక్సైజు శాఖవారికి తెలుపుడు.

రాబోవు చలికాలమున, ఈతచెట్లు గీయు దినములలో, మన గ్రామములందును రుచి చూచు సభలు జరుపుకొందము. మనవి సాయంకాలపు సభలు కావు, వేకువ సభలు. నీరా ప్రొద్దెక్కక మునుపే రుచి. గీత సహకార సంఘమువారు అనుమతి పొంది, కడిగి సున్నము పూసిన లొట్టిలో పట్టి, దింపినవెంటనే చల్లబరచినచో పులియుట ఆలస్యమగును. లొట్టిమీద గబ్బిలములు వ్రాలకుండ వల కట్టుట మరువరాదు. బంగ్లాదేశమున అట్లు చెడిన ఖర్జూరరసముచే నిపా అను ప్రాణాంతక వ్యాధి వ్యాపించెను. మధుమేహముగలవారు తీపినిబట్టి జాగ్రత్తపడవలెను. గాంధీమహాత్ముడు నీరాను, తాటిబెల్లమును గ్రామపరిశ్రమలుగా ప్రోత్సహించెను. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున ప్రభుత్వమువారు నీరాశాల తెరచిరి. పట్టణవాసి వెలయిచ్చి రుచి చూచుదానిని చెట్టున్న యూరివాడు ఎరుగకుండుట తగునా?

సభకు పిల్లలను గూడ పిలువుడు. వారికి నీరా రుచి చూపి, చెట్టుపై గీతను చూపుడు. గౌడుని ప్రక్కన కూర్చుండబెట్టి ఆతనిచేతనే చెప్పింపుడు. కల్తీవలన మొదట చెడినది ఆ కష్టజీవి పేరే.

చివర నొక హెచ్చరిక. మీ యింటిలో ఎవరైనను చిరకాలముగా మందుకల్లునకు అలవాటుపడియున్నచో ఒక్కమారుగా మాన్పింపకుడు, దూషింపకుడు, ప్రభుత్వ వైద్యశాలకు గొనిపొండు. వైద్యుడు క్రమముగా మాన్పును. త్రాగుమని గాని, మానుమని గాని చెప్పుటకు నేడు రాలేదు. దొప్పలోనిది చెట్టుదో, పొట్లముదో తెలిసికొను హక్కు ప్రతి పేదవానికి గలదని చెప్పుటకే వచ్చితిని. ఆ హక్కును కాపాడవలసినవారు గ్రామపెద్దలగు మీరే.