కోడికి ఇంటి వైద్యం, ఊరికి టీకా
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంత పెద్ద సభలో కోడి గురించి మాట్లాడతామంటే మీకు నవ్వు రావచ్చు. కానీ మన ఇళ్లలో కోడి అంటే కూర ఒక్కటే కాదు. చుట్టం వస్తే కోడి, పండక్కి కోడి. పిల్లకి నోటుపుస్తకాలు కొనాలన్నా సంతకి వెళ్లేది కోడే. ఆ డబ్బు ఎక్కువగా అమ్మ చేతిలో ఉంటుంది. కోళ్లు చస్తే ముందు ఖాళీ అయ్యేది ఆమె చెయ్యే.

మా హాస్టల్ వంటింటి వెనక ఆయా కోళ్లను పెంచుతుంది. వాటిలో ఒక నల్లపెట్ట అంటే పిల్లలందరికీ ముద్దు. ఒక వానాకాలం అది రెక్కలు వాల్చేసి, మేత ముట్టకుండా మూల కూర్చుంది. దాన్ని వేరే గంప కింద పెట్టాం. కింద పొడి గోనెసంచి పరిచాం, వాన జల్లు తగలకుండా చూశాం. నీళ్ల చిప్ప వేరు చేశాం. కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు కలిపి, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా తాగించాం. నోరు తెరిచి గబుక్కున పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఇది గుర్తుంచుకోండి. కొంచెం కొంచెంగా మెత్తని అన్నం, చోడి అంబలి పెట్టాం. రెక్కల కింద పేలు కనిపిస్తే, పొర్లడానికి పొడి మట్టిలో బూడిద కలిపి పోశాం. మూడో రోజుకి లేచి తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకు వైద్యం వచ్చేసిందనుకున్నాం.

మరుసటి వేసవిలో ఆ ధీమా పోయింది. ఒక పుంజు నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పచ్చగా పారుతోంది. మర్నాటికి మెడ మెలి తిరిగింది. అదే గంప, అదే బెల్లం నీళ్లు. వారంలో పదకొండు పోయాయి. నల్లపెట్ట కూడా పోయింది. పశువుల డాక్టరు గారు చూసి, కొక్కెర తెగులన్నారు. దీన్నే రాణీఖేత్ అంటారు. 1926లో జావాలో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో కనిపించిన తెగులే ఇది. మన దేశంలో దాన్ని గుర్తించిన కొండ ఊరి పేరే ఇక్కడ నిలిచిపోయింది.

ఇది వైరస్ వల్ల వస్తుంది. వచ్చాక పసరు పనిచేయదు, మనుషుల మందుబిళ్ల కూడా పనిచేయదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూశాక, తెలియని బిళ్ల మింగకూడదని మనం నేర్చుకున్నాం. కోడికీ అదే లెక్క.

ఇక చెప్పడానికి సిగ్గుపడే మాట ఒకటుంది. మా చిన్నప్పుడు ఊళ్లో తెగులు పడిందంటే, నిలబడగలిగిన కోళ్లని తెల్లారకుండా గంపకెత్తి సంతకి తీసుకెళ్లిపోయేవాళ్లం. చచ్చేలోపు నాలుగు డబ్బులు వస్తాయని. కొన్నది ఎవరు? పక్క ఊళ్లో మనలాంటి అమ్మే. పది రోజుల్లో ఆమె గూడు ఖాళీ. దేవత కోపం అనుకున్నాం గానీ, తెగులు మన గంపలోనే వెళ్లిందని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు కాబట్టి, ఇక మీదట చేస్తే తప్పు మనదే.

ఈ తెగులుకు ఉన్న దారి టీకా. కోడిపిల్లకి 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, లసోటా గానీ ఎఫ్ రకం గానీ. నాలుగో వారంలో మళ్లీ లసోటా చుక్క. ఎనిమిదో వారంలో రెక్క దగ్గర చర్మం కింద ఆర్‌2బి సూది. చిన్న పిల్లలకి ఈ సూది వేయకూడదు, ప్రమాదం. ఏ టీకా అయినా ఆరోగ్యంగా ఉన్న కోడికే.

మరి మన ఊళ్లకి ఎందుకు అందడం లేదు? టీకా సీసాలో సాధారణంగా 100 కోళ్లకి సరిపడా మందు ఉంటుంది. ఐసులో తేవాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఏ ఒక్క ఇంట్లో 100 కోళ్లున్నాయి? అందుకే ఇది ఒక ఇంటి పని కాదు, ఊరి పని. ఇక్కడే మీరు కావాలి. కోళ్లు ఏ ఇంట్లో ఎన్నున్నాయో పుస్తకంలో రాయండి. పశు సంవర్ధక సహాయకుడితో రోజు ఖాయం చేసుకోండి. ఐసు వేసిన ఫ్లాస్కు ఒకరు పట్టండి. కోళ్లు గూట్లో ఉండగా, తెల్లవారుజామున, ఇల్లిల్లూ తిరగండి. చుక్క వేయడం ఒకసారి చూస్తే మీకే వస్తుంది. సూది మాత్రం వాళ్లనే వేయనివ్వండి.

ఒకేసారి చాలా కోళ్లు చస్తే ముట్టుకోకండి, కోసుకోకండి, కాలువలో పారేయకండి. అది బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది కదా. 1962కి ఫోన్ చేయండి. వాళ్లు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

నల్లపెట్ట పోయాక మా పిల్లలే లెక్క రాశారు, మేం టీకా వేయించాం. ఇప్పుడు హాస్టల్లో మళ్లీ పద్నాలుగు కోళ్లున్నాయి. మీ ఊరి లెక్క ఈ వారమే మొదలుపెట్టండి. జై ఆదివాసీ.